మిస్టరీ నవల చదివాక హంతకుడి పేరు తప్ప మాట్లాడుకోవడానికి ఏమీ మిగలట్లేదు, మీ క్లబ్బుల్లో ఎలా నడుపుతున్నారు?

సీతమ్మధార డాబా (ప్రశ్న):

అందరికీ నమస్కారం. వైజాగ్‌లో మాది చిన్న బుక్ క్లబ్, మొత్తం పదకొండు మందిమి. రెండేళ్ళుగా ప్రతి నెలా రెండో ఆదివారం సాయంత్రం మా డాబా మీద చాపలు పరుచుకుని కూర్చుంటున్నాం. స్టీల్‌ప్లాంట్‌లో షిఫ్టులు చేసేవాళ్ళు ఇద్దరు, ఒక బ్యాంకు ఆవిడ, ఏయూలో పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి, రిటైరైన లెక్కల మాస్టారు, ఇలా ఎవరి లోకం వాళ్ళది, పుస్తకం దగ్గరే అందరం కలుస్తాం. సాంఘిక నవలలూ కథల సంపుటాలూ చదివినన్నాళ్ళూ మాటలకి లోటు లేదు, రాత్రి తొమ్మిది దాటినా లేవబుద్ధయ్యేది కాదు. ఈ ఏడాది అందరం ఇష్టపడే మిస్టరీలు, థ్రిల్లర్లు మొదలుపెట్టాం. చదవడం ఇదివరకటి కంటే బాగా సాగుతోంది, ఎప్పుడూ సగంలో ఆపేసేవాళ్ళు కూడా రెండు రాత్రుల్లో ముగించేస్తున్నారు. చర్చే సాగట్లేదు.

పోయిన నెల అగాథా క్రిస్టీ నవల, 1926లో వచ్చిన 'ది మర్డర్ ఆఫ్ రోజర్ అక్రాయిడ్' పెట్టుకున్నాం. ఎంత మాట్లాడుకుంటామో అని రెండు రోజుల ముందు నుంచీ ఎదురుచూశాను. కూర్చోగానే ఒకరు "నాకు సగంలోనే తెలిసిపోయింది" అన్నారు, ఇంకొకరు "నాకు చివరిదాకా తెలియలేదు, భలే ట్విస్టు" అన్నారు, మరొకరు "ఇది మోసం, ఇలా రాయకూడదు" అన్నారు, అంతే. టైము చూస్తే పన్నెండు నిమిషాలైంది. ఆ తర్వాత ముంత మసాలా పొట్లాలు విప్పుకుని పిల్లల చదువుల గురించీ ఆఫీసుల గురించీ మాట్లాడుకుని ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మీటింగుకి నాలుగు రోజుల ముందు మాలో ఒకరు రాత్రి పన్నెండింటికి పుస్తకం ముగించి, ఆ ఊపులో వాట్సాప్ గ్రూపులో హంతకుడి పేరు రాసేశారు. చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు, ఆశ్చర్యం ఆపుకోలేకపోయారు. కానీ అప్పటికి నలుగురు సగంలో ఉన్నారు. అందులో ఒకావిడ ఉదయం బస్సులో గాజువాక వెళ్తూ రోజుకి పదిహేను పేజీల చొప్పున దాచుకుని దాచుకుని చదువుతున్నారు. ఆవిడకి కోపం కన్నా బాధ ఎక్కువైంది, ఆ నెల రాలేదు.

చివరికి మాస్టారు ఒక మాట అన్నారు. "ఇవి ఒకసారి చదివి పక్కన పెట్టేసే పుస్తకాలమ్మా, చర్చకి నిలవవు." నాకు ఆ మాట గుచ్చుకుంది. నేను చదవడం నేర్చుకున్నదే డిటెక్టివ్ నవలలతో. కాదని చెప్పాలనిపించింది, ఎలా చెప్పాలో తెలియలేదు. మీలో ఎవరైనా ఇలాంటి నవలల మీద నిజంగా రెండు గంటలు మాట్లాడుకున్నవాళ్ళు ఉంటే, ఎలా చేశారో కాస్త వివరంగా చెప్పండి. వచ్చే నెల మిస్టరీలు ఆపేయాలా వద్దా అన్నది కూడా దీన్నిబట్టే తేల్చుకోవాలి.

ఉక్కునగరం పాఠకురాలు:

ఆపకండి. మాకూ మొదట్లో ఇదే ఇబ్బంది వచ్చింది, మాది ఏడుగురి గ్రూపు. మేం ఒక్క పుస్తకానికి రెండు మీటింగులు పెట్టుకోవడం మొదలుపెట్టాకే దారిలో పడింది. మొదటి మీటింగుకి పుస్తకంలో మూడింట రెండొంతులు చదివి ఆపేయాలి. ఎక్కడ ఆపాలో ముందే చదివినవాళ్ళు ఒకరు చెప్తారు, డిటెక్టివ్ అందరినీ ఒక గదిలోకి పిలిచే ముందు అధ్యాయం అయితే చాలా మంచిది. ఆ రోజు ప్రతి ఒక్కరూ ఒక చీటీ మీద మూడు విషయాలు రాస్తారు: ఎవరు చేశారు, ఎందుకు చేశారు, ఏ పేజీ చూసి మీకు అనుమానం వచ్చింది. చీటీలు మడిచి ఖాళీ స్వీటు డబ్బాలో వేసి టేపు అంటించేస్తాం. రెండో మీటింగులో తీస్తాం.

మొదటి రెండు ప్రశ్నలూ సరదాకే అనుకోండి. అసలు సంగతి మూడో ప్రశ్నలో ఉంది. పేజీ నంబరు రాయాలంటే పుస్తకం మళ్ళీ తెరవాలి, ఏ వాక్యం మనల్ని అటు లాగిందో వెతుక్కోవాలి. ఒకసారి మాలో ఒకమ్మాయి పూర్తిగా తప్పు మనిషి పేరు రాసింది, కానీ తను చూపించిన పేజీలు చూస్తే రచయిత మనల్ని తప్పుదారి పట్టించడానికి ఎక్కడెక్కడ మేకులు కొట్టాడో వరసగా కనిపించాయి. సరిగ్గా చెప్పినవాళ్ళ కంటే ఆ అమ్మాయి చీటీ మీదే ఎక్కువ సేపు మాట్లాడుకున్నాం.

వాట్సాప్‌కి మాకు ఒకటే నియమం. పుస్తకం నడుస్తున్న నెలలో ఎవరు ఏం రాసినా ముందు అధ్యాయం నంబరు రాయాలి, పాత్ర పేరు రాయకూడదు. "14, చేతులు వణుకుతున్నాయి" అని రాస్తే చాలు, అక్కడికి వచ్చినవాళ్ళకి అర్థమవుతుంది, రానివాళ్ళకి ఊరింపుగా ఉంటుంది. ఆ గాజువాక బస్సు ఆవిడకి మీరే ఫోన్ చేసి పిలవండి అక్కా, వచ్చేస్తారు.

రెండోసారి చదివేవాడు:

మీ మాస్టారి మాటకి జవాబు మీరు చదివిన పుస్తకంలోనే ఉందండీ. మిస్టరీ నవలని ఒకసారి చదివితే సగమే చదివినట్టు. నిజం తెలిశాక మొదటి పేజీకి వెళ్ళి చదివితే అది వేరే పుస్తకం. మొదటిసారి మనం డిటెక్టివ్ వెనకాల నడుస్తాం, రెండోసారి రచయిత భుజం మీంచి తొంగి చూస్తాం.

ఇంకా చదవనివాళ్ళు ఈ పేరా దాటేయండి, పేరు చెప్పను గానీ చోటు చెప్తున్నాను. నాలుగో అధ్యాయం తీయండి. అక్రాయిడ్ గదిలోకి ఉత్తరం ఎనిమిదీ నలభైకి వస్తుంది. కథ చెప్పే మనిషి ఆ గదిలోంచి ఎనిమిదీ యాభైకి బయటికి వస్తాడు. మధ్యలో పది నిమిషాలు. ఆ పది నిమిషాల గురించి క్రిస్టీ ఒక్క అబద్ధం కూడా రాయలేదు, ప్రతి మాటా నిజమే, చెప్పనిది మాత్రం ఉంది. మొదటిసారి చదివినప్పుడు అక్కడ ఏమీ లేనట్టే కళ్ళు జారిపోతాయి. "ఇది మోసం" అన్నవాళ్ళని ఆ పేజీ పైకి చదవమనండి, చదివాక ఎక్కడ మోసమో వేలు పెట్టి చూపించమనండి. ఆ ఒక్క పేజీ మీదే గంట గడుస్తుంది. పుస్తకం వచ్చిన కొత్తలోనూ పాఠకులు ఇదే విషయం మీద రెండుగా చీలిపోయారు. అంటే మీ డాబా మీద మూడో మనిషి అన్న మాట వందేళ్ళ నాటి చర్చలోకి నేరుగా వెళ్ళే తలుపు, మీరు దాన్ని తెరవకుండా పొట్లాలు విప్పేశారు.

ఆ కాలంలో దీనికి నియమాలు కూడా రాసుకున్నారు. 1929లో రోనాల్డ్ నాక్స్ అనే క్రైస్తవ మతగురువు, ఆయనా డిటెక్టివ్ కథలు రాసేవారు, పది నియమాలు పెట్టారు: దయ్యాలూ మాయలూ పరిష్కారంగా పనికిరావు, డిటెక్టివ్‌కి దొరికిన ప్రతి క్లూ పాఠకుడికీ చూపించాలి, ముందు సూచన లేకుండా కవల సోదరుణ్ణి దింపకూడదు, ఇలా. మరుసటి ఏడాది లండన్‌లో రచయితలే డిటెక్షన్ క్లబ్ పెట్టుకున్నారు, క్రిస్టీ కూడా అందులో సభ్యురాలే. అక్కడ చేరేవాళ్ళు పాఠకుణ్ణి మోసం చేయబోమని ప్రమాణం చేసేవారు. ఆ పది నియమాలూ ఒక కాగితం మీద రాసుకుని, మీరు చదివిన ప్రతి నవలా ఎన్నిటికి నిలబడుతుందో చూడండి. మన తెలుగు నవలలకి కూడా పెట్టి చూడండి.

ఇంకొకటి. క్రిస్టీకి విషాల సంగతి అంత బాగా ఎలా తెలుసంటే, మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆవిడ తన ఊరు టార్కీలో ఆసుపత్రి మందుల గదిలో పనిచేసింది. 1920లో వచ్చిన మొదటి నవలలోనే స్ట్రిక్నిన్ అనే విషం వాడకం ఎంత కచ్చితంగా ఉందంటే ఫార్మసీ వృత్తి వాళ్ళ పత్రిక దాన్ని మెచ్చుకుంటూ సమీక్ష రాసింది, ఆ సమీక్ష అంటే ఆవిడకి చాలా ఇష్టం. మీ క్లబ్‌లో మందుల షాపు నడిపేవాళ్ళు గానీ నర్సు గానీ ఉంటే ఒక నెల చర్చ వాళ్ళ చేతిలో పెట్టండి. బ్యాంకు ఆవిడ ఉన్నారన్నారు కదా, వీలునామా, ఫోర్జరీ కథ దొరికితే ఆవిడ చేతికి ఇవ్వండి.

పూర్ణా మార్కెట్ అద్దె పుస్తకాలు:

అమ్మాయీ, నాకు 71 ఏళ్ళు. నీ పోస్టు మా మనవరాలు చదివి వినిపించింది, నేను చెప్తుంటే తనే టైపు చేస్తోంది.

మేం చదివే రోజుల్లో క్లబ్ అన్న మాట లేదు గానీ చర్చ ఉండేది. పూర్ణా మార్కెట్ వైపు ఒక అద్దె పుస్తకాల కొట్టు ఉండేది, రోజుకి ఇంత అని కట్టి తెచ్చుకునేవాళ్ళం, రెండో రోజు దాటితే అద్దె పెరుగుతుంది కాబట్టి ఒక్క రాత్రిలో చదివేయాలి. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు అంటే మాకు ఇంట్లో మనుషుల్లాంటివాళ్ళు. మా నాన్నగారు చూస్తే ఊరుకోరని లెక్కల పుస్తకం మధ్యలో పెట్టి చదివేవాణ్ణి. ఒకసారి ఒక పుస్తకం తెచ్చుకుంటే మొదటి పేజీలోనే ఎవరో పెన్సిల్‌తో ఒక పేరు రాసి పక్కన "వీడే" అని రాశారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. అయినా అద్దె కట్టాను కదా అని చదివాను. చివరికి చూస్తే ఆ పెన్సిల్ పేరు తప్పు! ఎవరో సగం చదివి, తన ఊహ రాసి తిరిగి ఇచ్చేశాడన్నమాట. ఆ పుస్తకం అంతా ఆ మనిషినే అనుమానిస్తూ చదివాను, వాడు ఏ మాటన్నా వంకరగా కనిపించింది. ఇప్పటికీ ఆ పెన్సిల్ రాతే గుర్తుంది, కథ గుర్తు లేదు. అందుకే ఆ అమ్మాయి చెప్పిన చీటీల పద్ధతి నాకు నచ్చింది.

వారపత్రికల్లో సీరియల్‌గా వచ్చినప్పుడైతే చెప్పక్కర్లేదు. ఈ వారం భాగం తలుపు తెరుచుకోవడంతో ఆగిపోయేది. వచ్చే వారం దాకా తలుపు అవతల ఎవరున్నారు అని హార్బర్‌లో పనిచేసేవాళ్ళం అందరం మధ్యాహ్నం క్యారేజీలు విప్పుకుని అదే మాట. పత్రిక వచ్చిన రోజు ముందు ఎవరు చదివితే వాడు రాజు, కానీ మిగతావాళ్ళు చదివేదాకా వాడు నోరు విప్పకూడదు, అది మాలో మాకు కట్టుబాటు. ఇంగ్లీషులోనూ అంతేనట, మా మనవరాలు చెప్పింది: 'ది మూన్‌స్టోన్' అనే నవల 1868లో ఇలాగే వారం వారం పత్రికలో వచ్చిందట, మన శ్రీరంగపట్నం ముట్టడిలో దొంగిలించిన వజ్రం కథ, ఒక్కొక్క భాగం ఒక్కొక్క మనిషి తను చూసింది మాత్రమే చెప్తాడట. అలాంటి పుస్తకం అయితే మీరు ఒక్కొక్కరూ ఒక్కొక్క మనిషి తరఫున మాట్లాడొచ్చు కదా. పుస్తకం పెద్దది కాబట్టి రెండు నెలలు పెట్టుకోండి.

మీ మాస్టారు గారికి నా తరఫున ఒక మాట చెప్పు. ఆరుద్ర గారు మన విశాఖలో పుట్టిన మనిషి, సమగ్ర ఆంధ్ర సాహిత్యం రాసిన పండితుడు, ఆయన డిటెక్టివ్ నవలలు కూడా రాశారు. చిన్న పని అనుకుంటే ఆయన చేసేవారు కాదు.

వకాల్తా:

నేను కోర్టులో గుమస్తాగా పనిచేస్తాను, పద్దెనిమిదేళ్ళైంది. మిస్టరీ నవలలు విపరీతంగా చదువుతాను. మా గ్రూపులో ప్రతి నవల తర్వాతా ఒకే ప్రశ్న వేసుకుంటాం: ఇది వైజాగ్‌లో జరిగితే కేసు నిలబడుతుందా?

ఒక్కసారి వేసి చూడండి, ఎంత లోతుకి వెళ్తుందో. చివరి అధ్యాయంలో డిటెక్టివ్ అందర్నీ కూర్చోబెట్టి కథ విప్పుతాడు, హంతకుడు లేచి ఒప్పేసుకుంటాడు, ఇన్‌స్పెక్టరు సంకెళ్ళు వేస్తాడు, పుస్తకం అయిపోతుంది. మన దగ్గర అక్కడే కేసు మొదలవుతుంది. పోలీసు ముందు చేసిన నేరాంగీకారం ముద్దాయి మీద సాక్ష్యంగా చెల్లదు. 1872 ఎవిడెన్స్ యాక్ట్‌లో అది 25వ సెక్షన్, 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 23వ సెక్షన్. పోలీసు లేని చోట ప్రైవేటు డిటెక్టివ్‌కి చెప్పాడనుకోండి, అది పూర్తిగా కొట్టివేసేది కాదు గానీ కోర్టు దాన్ని బలహీనమైన సాక్ష్యంగానే చూస్తుంది, వేరే ఆధారాలు తోడు ఉండాలి. మేజిస్ట్రేట్ ముందు చెప్పాలంటే, చెప్పి తీరాలని నీకు నిర్బంధం లేదు, చెబితే నీ మీదే వాడతారు అని ఆయన ముందు హెచ్చరించాలి. అదే ముద్దాయి "కత్తి ఫలానా తుప్పల్లో పడేశాను" అని చెప్పి, వెళ్ళి చూస్తే కత్తి నిజంగా దొరికిందనుకోండి, ఆ దొరకడానికి దారి తీసిన మాట వరకు చెల్లుతుంది. అందుకే మన ఫైళ్ళలో మధ్యవర్తుల సమక్షంలో స్వాధీనం అన్న కాగితానికి అంత విలువ.

మేం ఒకసారి ఒక నవల తీసుకుని శవ పంచనామా దగ్గర్నుంచి మొదలుపెట్టాం. మధ్యవర్తులుగా ఎవరు సంతకం పెట్టారు, గదిలో గడియారం ఆగిపోయి ఉందని ఎవరు రాశారు, ఇంటి పనిమనిషి వాంగ్మూలం ఎన్ని రోజుల తర్వాత తీసుకున్నారు, అరెస్టు చేసిన 24 గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందు పెట్టారా. సగం మంది డిఫెన్స్, సగం మంది ప్రాసిక్యూషన్. మా డిఫెన్స్ వాళ్ళు హంతకుణ్ణి విడిపించేశారు. అందరం కాసేపు నోట మాట లేకుండా కూర్చున్నాం, ఎందుకంటే వాడే చేశాడని మా అందరికీ తెలుసు, పుస్తకం చెప్పింది. తెలియడం వేరు, రుజువు చేయడం వేరు అన్నది నేను రోజూ చూసేదే అయినా ఆ సాయంత్రం వేరుగా తగిలింది.

ఈ మాట మీద ఇష్టం ఉంటే రావిశాస్త్రి గారి కథలు ఒక నెల కలుపుకోండి. ఆయన వైజాగ్‌లో ప్లీడరు, కోర్టుల్లో పోలీసు, సాక్షి, ముద్దాయి ఎలా మాట్లాడతారో ఆయన రాసినట్టు ఇంకెవరూ రాయలేదు. ఆరు సారా కథలు మిస్టరీలు కావు, కానీ అవి చదివాక మిస్టరీ నవలలో సాక్షి "నేను చూశాను" అంటే మీరు ఇదివరకటిలా నమ్మరు.

లాసన్స్‌బే కెరటం:

చీటీల పద్ధతి మీద నాకు అభ్యంతరం ఉంది. మేం ఏడాది చేశాం. మొదట బాగుంటుంది, తర్వాత క్విజ్ పోటీ అయిపోతుంది. సరిగ్గా చెప్పినవాళ్ళకి చప్పట్లు, తప్పు చెప్పినవాళ్ళు ముడుచుకుపోవడం, మెల్లగా అందరూ కథ చదవడం మానేసి పజిల్ చదవడం మొదలుపెట్టారు. ఉక్కునగరం అక్క చెప్పిన మూడో ప్రశ్న ఒక్కటే ఉంచి మొదటి రెండూ తీసేయండి అంటాను.

మేం ఇప్పుడు వేసుకునే మొదటి ప్రశ్న: చనిపోయిన మనిషి ఎవరు? నవ్వకండి, ఎవరికీ గుర్తుండదు. హత్య జరిగిన మనిషి గురించి పది వాక్యాలు చెప్పమంటే మా వాళ్ళు నాలుగు దాటలేకపోయారు. ఆ మనిషికి ఏం ఇష్టం, పోయాక ఎవరు నిజంగా ఏడ్చారు, ఎవరికీ ఏడుపు రాకపోతే ఎందుకు రాలేదు. మా ఇంట్లో మా పెద్దనాన్న చిన్నప్పుడే అనుమానాస్పదంగా పోయారు, అది ఏమిటో ఎప్పటికీ తేలలేదు, మా నానమ్మ చివరి రోజుదాకా ఆయన చొక్కా ఒకటి ట్రంకు పెట్టెలో దాచుకుంది. నవలలో 20వ పేజీలో శవం దొరికి 21వ పేజీలో టీ తాగుతుంటే నాకు ఆ పెట్టె గుర్తొస్తుంది. ఈ మాట మా గ్రూపులో చెప్పిన రోజు నుంచి మా చర్చ మారిపోయింది.

ఇంకొకటి, మిస్టరీనీ థ్రిల్లర్‌నీ ఒకే గాటన కట్టి ఒకే ప్రశ్నలు వేయకండి. మిస్టరీ వెనక్కి చూస్తుంది, ఏం జరిగింది అని. థ్రిల్లర్ ముందుకి చూస్తుంది, ఏం జరగబోతోంది అని. సినిమా దర్శకుడు హిచ్‌కాక్ దీనికి చెప్పిన ఉదాహరణ అందరికీ తెలిసిందే: బల్ల కింద బాంబు ఉందని మనకి చెప్పకుండా పేలిస్తే పదిహేను సెకన్ల ఆశ్చర్యం, ముందే చూపించి బల్ల దగ్గర వాళ్ళని కబుర్లు చెప్పుకోనిస్తే పదిహేను నిమిషాల టెన్షన్. థ్రిల్లర్ చర్చలో "ఎవరు" అని అడిగితే పన్నెండు నిమిషాలే వస్తుంది. ఏ పేజీలో మీ గుండె వేగం పెరిగింది, అక్కడ వాక్యాలు పొట్టిగా ఉన్నాయా పొడుగ్గా ఉన్నాయా, మీకు తెలిసి పాత్రకి తెలియనిది ఏమిటి అని అడగండి.

రెండూ కలిసినది కావాలంటే కెయిగో హిగాషినో రాసిన 'ది డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్' పెట్టుకోండి, జపాన్‌లో 2005లో వచ్చింది, అక్కడి పేరున్న సాహిత్య బహుమతి నవొకి ప్రైజు తెచ్చుకుంది. హత్య మొదట్లోనే మన కళ్ళ ముందే జరుగుతుంది, ఎవరు చేశారో తెలిసిపోతుంది. ఇంక వాట్సాప్‌లో ఎవరు ఏ పేరు రాసినా భయం లేదు. అయినా చివరికి మనం మోసపోతాం. అందులో ముఖ్యమైన మనిషి లెక్కల మాస్టారు, మీ మాస్టారు గారికి కచ్చితంగా పట్టేస్తుంది.

ఇక మన ఊరి మిస్టరీ ఒకటి ఉంది, ఎవరూ పుస్తకంలా చర్చించరు. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక మన హార్బర్ బయట పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది. మన యుద్ధనౌక ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల (నీళ్ళ లోపల పేలే బాంబుల) వల్ల అని మన నౌకాదళం, కాదు లోపల పేలుడు వల్లో తను సముద్రంలో వేసిన మైన్ (మందుపాతర) వల్లో అని అవతలివాళ్ళు. శకలం ఇప్పటికీ సముద్రం అడుగునే ఉంది, లోపల ఉన్నవాళ్ళలో ఒక్కరూ బతకలేదు. మేం ఒక ఆదివారం బీచ్ రోడ్డులో కురుసురా జలాంతర్గామి మ్యూజియం లోపల నడిచి, ఆ ఇరుకు చూసి, బయట ఇసుకలో కూర్చుని ఒక్కొక్కరూ ఒక్కొక్క వాదన తరఫున మాట్లాడాం. రెండున్నర గంటలు. చివరి పేజీ లేని మిస్టరీ అది, అందుకే ఎవరూ "నాకు ముందే తెలుసు" అనలేకపోయారు.

సీతమ్మధార డాబా (ప్రశ్న అడిగినవారు):

అందరికీ చాలా కృతజ్ఞతలు, నిన్ననే మీటింగు అయింది, నిద్ర పట్టక ఇప్పుడే రాస్తున్నాను.

కొత్త పుస్తకం పెట్టలేదు. రెండోసారి చదివేవాడు గారి మాట మీద అదే పుస్తకం మళ్ళీ తెచ్చుకోమని అందరికీ చెప్పాను. గాజువాక ఆవిడకి ఫోన్ చేసి, మొదటి నాలుగు అధ్యాయాలు మాత్రం చదివి రండి, పేరు తెలిసి చదివితే ఎలా ఉంటుందో మాకు మీరే చెప్పాలి అన్నాను. వచ్చారు. పేరు రాసేసిన ఆయన ఆవిడకి ఎదురెళ్ళి నోరు తెరిచి క్షమించమని అడిగారు, ఆవిడ పక్కన చోటిచ్చి కూర్చోబెట్టుకున్నారు.

నాలుగో అధ్యాయం పీహెచ్‌డీ అమ్మాయి పైకి చదివింది. ఉత్తరం టైము రాగానే మాస్టారు ఆగమని చెయ్యెత్తి, చాక్‌పీసు కావాలన్నారు. మా అబ్బాయి స్కూలు డబ్బాలోంచి తెచ్చి ఇచ్చాడు. మాస్టారు డాబా పిట్టగోడ మీద నిలువు గీత గీసి, ఎనిమిదీ నలభై, ఎనిమిదీ యాభై, ఫోన్ మోగిన టైము, అలా ఒక్కొక్కటీ రాసుకుంటూ పోయారు. ఎవరు ఎక్కడ ఉన్నారో పక్కన అక్షరాలు. పది నిమిషాల చోటు ఖాళీగా వదిలారు. ఆ ఖాళీ చూసి ఎవరూ మాట్లాడలేదు. తర్వాత అందరూ ఒక్కసారే మాట్లాడారు. "ఇది మోసం" అన్నావిడ పుస్తకం తీసుకుని ఆ పేజీలో ప్రతి వాక్యం కింద వేలు పెట్టి చదివారు, రెండుసార్లు చదివారు. అబద్ధం దొరకలేదు. కానీ ఆవిడ తన మాట వదల్లేదు. నిజాలు చెప్తూ కూడా మనిషిని మోసం చేయొచ్చు, మా ఇంట్లో ఆస్తి పంపకాల్లో మా వాళ్ళు నాతో చేసింది ఇదే అన్నారు. ఆవిడ రెండేళ్ళలో ఎప్పుడూ ఇంటి సంగతి ఎత్తలేదు.

గాజువాక ఆవిడ చెప్పింది నాకు చాలా నచ్చింది. "పేరు తెలిసి చదువుతుంటే ఆ మనిషి మీద కోపం రాలేదండీ, భయం వేసింది, ఎంత మామూలుగా మాట్లాడుతున్నాడో చూడండి" అన్నారు. అక్కణ్ణుంచి మాట ఆ నవలలోని కేరొలిన్ అనే పాత్ర మీదకి వెళ్ళింది, అన్నీ ఆరా తీసే మనిషి కదా, ఆవిడకి నిజం ఎప్పుడు అర్థమై ఉంటుంది, అర్థమై ఊరుకుందా అని. క్రిస్టీ ఇంకో డిటెక్టివ్, మిస్ మార్పుల్ పాత్ర ఆ కేరొలిన్‌లోంచే వచ్చి ఉండవచ్చని క్రిస్టీ స్వయంగా రాసుకుందని పీహెచ్‌డీ అమ్మాయి చెప్పింది. రాత్రి ఎనిమిదీ ముప్పావుకి కరెంటు పోయింది. ఫోన్ లైట్లు పిట్టగోడ వైపు తిప్పుకుని ఇంకో అరగంట కూర్చున్నాం. వకాల్తా గారూ, మీ ప్రశ్న కూడా వేశాను. ఆ హంతకుణ్ణి మన కోర్టులో నిలబెడితే చేతిలో ఏం ఆధారం ఉంది అని. బ్యాంకు ఆవిడ ఒక్కటే గట్టిగా నిలబడుతుందేమో అన్నారు, డబ్బు చేతులు మారిన లెక్క. అది ఎలా రుజువు చేయాలో మీరు వీలున్నప్పుడు ఇక్కడ రాయండి, వచ్చే నెల దాంతోనే మొదలుపెడతాం.

గీత చెరపొద్దని మాస్టారు చెప్పి వెళ్ళారు. వచ్చే నెలకి హిగాషినో పుస్తకం రెండు కాపీలు తనే కొంటానన్నారు.